భర్త ఫీల్డ్‌లో, కాపురం ఇక్కడ: నా అనుభవం

ఆర్మీలో ఉన్న భర్త ఫీల్డ్ ఏరియాకి, అంటే కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేని సరిహద్దు వైపు పోస్టింగుకి, వెళ్లాడంటే చుట్టాలందరూ అడిగేది ఒకటే: "ఒక్కదానివే ఎలా ఉంటున్నావమ్మా?" బెంగ ఉంటుంది, లేదని ఎవరూ అనరు. కానీ ఫీల్డ్, పీస్ (కుటుంబంతో కలిసి ఉండగలిగే స్టేషన్) అంటూ పోస్టింగులు మారుతూ వచ్చిన ఇన్నేళ్లలో మాకూ, మా చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లకూ గొడవలు ఎక్కువగా వచ్చింది నిర్ణయాల దగ్గర. మనిషి కశ్మీర్‌లో కుప్వారా వైపు ఎక్కడో పోస్టు మీద ఉంటాడు. బ్యాంకు ఖాతా, పొలం పాసుపుస్తకం, గ్యాస్ కనెక్షన్, ఆఖరికి బండి ఆర్‌సీ కూడా ఆయన పేరు మీదే ఉంటాయి. నడిపించాల్సింది మాత్రం భార్య. ఏది ఆమె సొంతంగా తేల్చవచ్చు, ఏది ఆయన్ని అడగాలి, ఏది అత్తమామలతో కూర్చుని మాట్లాడాలి అన్నది బయల్దేరకముందే అనుకోకపోతే, దొరికిన నాలుగు నిమిషాల ఫోన్ దాని మీద పోట్లాటకే సరిపోతుంది. అందుకే ఇందులో కాగితాల మాట ఎక్కువగా ఉంటుంది. మాది హవల్దార్ కుటుంబం. ఆఫీసర్ల లెక్కలు కొన్ని వేరు.

యూనిట్ కదులుతుందన్న కబురు మామూలుగా కొన్ని నెలల ముందే అందుతుంది. ఫీల్డ్ టెన్యూర్ చాలావరకు రెండు, మూడేళ్లు. కబురు తెలియగానే మొదట సరిచూసుకోవాల్సింది పార్ట్ టూ ఆర్డర్లు. పెళ్లి, బిడ్డ పుట్టడం, ఇంట్లో మరణం, ఇలా సైనికుడి కుటుంబంలో జరిగే ప్రతి మార్పూ యూనిట్ ఆఫీసులో పార్ట్ టూ ఆర్డర్‌గా పడి రికార్డ్ ఆఫీసుకు వెళుతుంది. ఈఎంఈ (వాహనాలు, యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీ (ఆయుధాలు, సామగ్రి విభాగం) వాళ్లకు రికార్డ్ ఆఫీసు సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆర్టిలరీకి నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్. ఊరంతా చూస్తుండగా పెళ్లయినా, రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫికెట్ తీసుకున్నా, ఆర్మీ లెక్కలో భార్య అయ్యేది ఆ ఆర్డర్ పడ్డాకే. డిపెండెంట్ కార్డు, క్యాంటీన్ కార్డు, ఎంహెచ్‌లో (మిలిటరీ హాస్పిటల్‌లో) వైద్యం, క్వార్టర్, రేపు ఏదైనా జరిగితే పెన్షన్, అన్నిటికీ ఆధారం అదే. ఆర్డర్ పడిందని ఆయన చెబితే సరిపోదు. కాపీ తెప్పించుకుని అక్షరం అక్షరం చదవాలి.

మన తెలుగువాళ్లకు చిక్కు పేర్ల దగ్గరే వస్తుంది. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఎక్కుతుంది. బ్యాంకు పాసుబుక్‌లో పొడి అక్షరమే ఉంటుంది. వెంకటలక్ష్మి అని ఒకచోట కలిపి రాస్తే, ఇంకోచోట వెంకట లక్ష్మి అని విడగొడతారు. యూనిట్ క్లర్కు ఉత్తరాది మనిషి అయితే ఇంటిపేరు ముందు రావడమే అతనికి వింత. ఏది పేరో, ఏది ఇంటిపేరో తెలియక తోచినట్టు రాసుకుంటాడు. దీన్ని తర్వాత దిద్దించాలంటే దరఖాస్తు సైనికుడే పెట్టాలి. అఫిడవిట్ కావాలి, కొన్నిసార్లు పేపరు ప్రకటన కూడా అడుగుతారు. పోస్టు మీద ఉన్న మనిషి ఇవన్నీ ఎప్పుడు చేస్తాడు? నన్ను అడిగితే పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోకపోవడమే మేలు. పదో తరగతి మెమో, ఆధార్, పాన్, బ్యాంకు, పార్ట్ టూ ఆర్డర్ అన్నిట్లో ఒకటే స్పెల్లింగ్ నడుస్తుంది. ఇప్పటికే మార్చుకున్నవాళ్లు ముందు ఆధార్, పాన్, బ్యాంకు ఒకేలా చేసుకుని, ఆ తర్వాత ఆర్డర్ దిద్దించుకోవాలి. వరుస తిరగబడితే రెండుసార్లు తిరగాల్సి వస్తుంది.

పిల్లల విషయంలో జనన ధ్రువపత్రం చూసుకోవాలి. పురుడు పుట్టింట్లో పోసుకుంటాం. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో అక్కడి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో నమోదు కావాలి. బారసాల అప్పటికి కాకపోతే పేరు ఖాళీగా ఉంచి నమోదు చేస్తారు. అది తప్పేం కాదు. కానీ ఆ ఖాళీని మర్చిపోతారు. ఏడాదిలోపు పేరు ఎక్కించుకుంటే రుసుము ఉండదు, 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో ఎక్కించవచ్చు. అసలు నమోదే ఏడాది దాటిపోతే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా వెళ్లాలి. 2023 అక్టోబరు నుంచి పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి ఈ ధ్రువపత్రమే ఆధారం. పేరు లేని సర్టిఫికెట్ యూనిట్‌కి పంపితే బిడ్డ పేరు మీద ఆర్డర్ పడదు, తిరిగి వస్తుంది. తండ్రి పేరు కూడా ఆయన సర్వీసు రికార్డులో ఉన్నట్టే ఉండాలి, పొడి అక్షరాలు విప్పి.

తర్వాత నామినేషన్లు. పెళ్లికాని రోజుల్లో అందరూ అమ్మ పేరో నాన్న పేరో రాస్తారు. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్, ప్రావిడెంట్ ఫండ్, బ్యాంకు ఖాతా, పాత ఎల్‌ఐసీ పాలసీ, దేనికది విడిగా ఉంటుంది. ఒకటి మారిస్తే మిగతావి వాటంతట అవి మారవు. ఇక్కడే ఇంట్లో మంట పుడుతుంది. కొడుకు అమ్మ పేరు తీసేసి పెళ్లాం పేరు రాయించాడని ఊళ్లో మాట వస్తుంది. రహస్యంగా మార్చడం వల్ల ఆ మాట ఇంకా పెరుగుతుంది. లీవులో ఉండగా కాగితాలన్నీ ముందు పెట్టుకుని ఆయనే తల్లిదండ్రులకు చెప్పాలి: ఇది భార్యాపిల్లలకు, ఇదిగో ఈ పాలసీ మీకు అని. కోడలు చెప్పే మాట కాదు ఇది. అలాగే నెక్స్ట్ ఆఫ్ కిన్, అంటే ఏదైనా జరిగితే యూనిట్ ముందు కబురు పెట్టే దగ్గరి బంధువు, చిరునామా, ఫోన్ నంబర్ కూడా చూడండి. చాలామందికి అక్కడ భర్తీ అయిన నాటి ఊరి అడ్రస్, ఎప్పుడో ఆగిపోయిన నంబరు ఉంటాయి. యూనిట్ నుంచి ఏ కబురైనా వచ్చేది ఆ నంబరుకే.

విల్లు మాట ఎత్తడానికి అందరూ జంకుతారు. భారత వారసత్వ చట్టం, 1925లోని 65, 66 సెక్షన్ల ప్రకారం యుద్ధంలోనో దండయాత్రలోనో ఉన్న సైనికుడు నోటిమాటగా కూడా, ఇద్దరు సాక్షుల ముందు, విల్లు చెప్పవచ్చు. ఆ వెసులుబాటు ఉందని ఊరుకోకుండా మామూలు రోజుల్లోనే తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి ఉంచడం నయం. గంట పని.

డబ్బుకి వద్దాం. జీతం ఖాతాను భార్యతో కలిపి జాయింట్‌గా, 'ఐదర్ ఆర్ సర్వైవర్' (ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే) పద్ధతిలో పెట్టుకోవాలి. ఆయన ఏటీఎం కార్డు, పిన్ ఇచ్చి వెళ్లడం జాయింట్ ఖాతాతో సమానం కాదు. కార్డు గడువు తీరినా, కేవైసీ అడిగినా, చెక్కు మీద సంతకం కావాల్సి వచ్చినా అక్కడితో ఆగిపోతారు. జాయింట్ ఖాతాలో భార్యకు విడి కార్డు, నెట్ బ్యాంకింగ్‌కి విడి యూజర్ నేమ్ తీసుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ విసిగించేది ఓటీపీ. ఆధార్, ఇన్‌కమ్ టాక్స్, గ్యాస్, డిజిలాకర్, అన్నీ ఆయన నంబరుకే ముడిపడి ఉంటాయి, ఆయన ఉన్న చోట సిగ్నల్ ఉండదు. పైగా మేం పడ్డ రోజుల్లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేసేదే కాదు, పోస్ట్‌పెయిడ్ అయితేనే మోగేది. మేం కనిపెట్టిన ఉపాయం చిన్నది: ఆధార్‌కి ముడిపడ్డ పాత సిమ్‌ని ఇంట్లో ఒక పాత ఫోన్‌లో వేసి ఉంచడం, ఆయన కొత్త పోస్ట్‌పెయిడ్ నంబరుతో వెళ్లడం. ఇంట్లో ఉన్న సిమ్‌కి రీఛార్జి మానకూడదు. 90 రోజులు వాడకుండా వదిలేస్తే కంపెనీ ఆపేయవచ్చు, తర్వాత అదే నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుంది. కొత్త నంబరు యూనిట్‌లో రాయించడం ఆయన పని.

ఫీల్డ్ జీతం చూసి ఇంటి రుణం లెక్క వేసుకోవద్దు. ఫీల్డ్ ఏరియా అలవెన్స్, ఎత్తైన ప్రాంతాల అలవెన్స్ అక్కడ ఉన్నంతకాలమే. సియాచిన్ అలవెన్స్‌ను 2017లో జవాన్లకు, జేసీఓలకు (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు) నెలకు 30,000 రూపాయలు చేశారు, కానీ పోస్టు మీద ఉండేది మామూలుగా మూడు నెలలు. ఈఎంఐ 20 ఏళ్లు ఉంటుంది. పీస్ స్టేషన్‌లో చేతికొచ్చే జీతం ఎంతో పాత పే స్లిప్పులో చూసి, దాని మీదే కిస్తీ నిర్ణయించుకోవాలి. ఫీల్డ్‌లో మిగిలిన డబ్బు విడిగా ఎఫ్‌డీ చేయడమో, పాత అప్పు తీర్చడమో చేస్తే పీస్‌కి వచ్చాక ఊపిరాడుతుంది.

అత్తమామలకు పంపే డబ్బు భార్య చేతి మీదుగా వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. ఎంత పంపాలో భార్యాభర్తలు కలిసి అనుకోవాలి, పంపేది మాత్రం బ్యాంకు. జీతం పడ్డ మర్నాడే వాళ్ల ఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టేస్తే నెలనెలా "అడిగితే గానీ ఇవ్వలేదు", "ఈసారి తగ్గించింది" అన్న మాటలు పుట్టవు. మరిది చదువు, ఆడపడుచు సీమంతం లాంటి పెద్ద ఖర్చులు వస్తే ఆయనే నేరుగా తల్లిదండ్రులతో మాట్లాడి, తేలిన అంకె భార్యకు చెప్పాలి. ఇటు మాట అటు మోసే పని ఎవరు చేసినా చివరికి చెడ్డవాళ్లయ్యేది వాళ్లే.

పొలం, ఇల్లు, ప్లాటు విషయంలో పవర్ ఆఫ్ అటార్నీ కావాలా అని చాలామంది అడుగుతారు. నా లెక్కలో అన్నిటికీ కలిపి ఇచ్చే జనరల్ పవర్ అక్కర్లేదు. ఫలానా ప్లాటు రిజిస్ట్రేషన్, ఫలానా బ్యాంకు రుణం అని పేరుపెట్టి ఇచ్చే స్పెషల్ పవర్ చాలు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజు దాఖలు చేసే అధికారం ఇవ్వాలంటే ఆ పవర్‌ని సబ్ రిజిస్ట్రార్ ముందే రాసి ధ్రువీకరించుకోవాలి. నోటరీ ముద్రతో పోస్టులో పంపిన కాగితాన్ని తిప్పి పంపుతారు. కాబట్టి ఆ పని లీవులోనే పెట్టుకోవాలి. గట్టు తగాదా, పాలివాళ్ల కేసు లాంటిది కోర్టుకెక్కితే భయపడిపోవద్దు. ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ యాక్ట్, 1925 అని ఒక చట్టం ఉంది. ప్రత్యేక పరిస్థితుల్లోనో యుద్ధ పరిస్థితుల్లోనో పనిచేస్తున్న సైనికుడు కోర్టుకు రాలేకపోతే, కమాండింగ్ ఆఫీసర్ నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ పంపితే కోర్టు విచారణ వాయిదా వేయాలి. కలెక్టర్‌కి కూడా ఇలా కోర్టుకు తెలియజేసే అధికారం ఉంది. కొన్ని రకాల దావాలకు ఇది వర్తించదు గానీ మామూలు భూమి కేసులకు పనికొస్తుంది. నోటీసు ఇంటికి రాగానే దాని ఫొటో, కేసు నంబరు, వాయిదా తేదీ యూనిట్ అడ్జుటెంట్‌కి (యూనిట్ ఆఫీసు పనులు చూసే ఆఫీసర్‌కి) చేరేలా చూడాలి. తీసుకోకుండా తిప్పి పంపితే ఎక్స్‌పార్టీ అవుతుంది, అంటే మన వాదన వినకుండానే కేసు నడుస్తుంది. కోర్టు దాకా రాని తగాదాలకు సీఓ (కమాండింగ్ ఆఫీసర్) కలెక్టర్‌కి, ఎస్పీకి రాసే లెటర్ బాగా పనిచేస్తుంది. ఆ లెటర్ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలి. అది మాజీ సైనికులకే అనుకుంటారు, సర్వీసులో ఉన్నవాళ్ల కుటుంబాలనూ చూస్తుంది.

ఇక ఎక్కడ ఉండాలన్నది. దారులు మూడు: అత్తింట్లో, బయట అద్దె ఇంట్లో, లేదా ఎస్‌ఎఫ్ క్వార్టర్‌లో. ఎస్‌ఎఫ్ అంటే ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల కుటుంబాల కోసం కొన్ని స్టేషన్లలో కేటాయించే ఇళ్లు. దరఖాస్తు యూనిట్ ద్వారానే వెళ్లాలి. ఫీల్డ్‌లో ఉన్నట్టు సర్టిఫికెట్, కుటుంబం పార్ట్ టూ ఆర్డర్ల కాపీలు, డిపెండెంట్ కార్డులు, ఫ్యామిలీ ఫొటో జతచేస్తారు. సికింద్రాబాద్ లాంటి చోట అందరూ అడుగుతారు కాబట్టి వెయిటింగ్ ఉంటుంది. మూవ్ ఆర్డర్ వచ్చాక మొదలుపెడితే ఆలస్యం. యూనిట్ వెళ్లిపోయాక కొన్నాళ్లు పాత స్టేషన్‌లో రేర్ పార్టీ ఉంటుంది, సామాన్లూ కుటుంబాలూ చూసుకునేది వాళ్లే. వాళ్లు ఉండగానే ఈ పనులు ముగించుకోవాలి.

అద్దె ఇంట్లో ఉంటే హెచ్‌ఆర్‌ఏ వస్తుంది. ఫీల్డ్‌లో ఉన్న సైనికుడు కుటుంబం ఉండే ఊరిని 'సెలెక్టెడ్ ప్లేస్ ఆఫ్ రెసిడెన్స్'గా చూపిస్తే, ఆ ఊరి తరగతిని బట్టి మూల వేతనంపై 30, 20, 10 శాతం చొప్పున లెక్క కడతారు. హైదరాబాద్ మొదటి తరగతి. విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, వరంగల్ రెండోది. మన రెండు రాష్ట్రాల్లో మిగతా ఊళ్లన్నీ మూడోది. కుటుంబం ఊరు మారితే ఇది కూడా మార్చి ఆర్డర్ వేయించాలి. హైదరాబాద్ చూపించి ఊళ్లో ఉంటే ఆడిట్‌లో రికవరీ పడుతుంది, అదీ రెండు మూడేళ్లది ఒకేసారి. ఎస్‌ఎఫ్ క్వార్టర్ దొరికిన రోజు నుంచి హెచ్‌ఆర్‌ఏ ఆగాలి, ఆగిందో లేదో పే స్లిప్పులో చూసుకోవాలి.

అత్తింట్లో ఉండడం తప్పని నేననను. చంటిబిడ్డ ఉన్నప్పుడు, పెద్దవాళ్లు మంచం పట్టినప్పుడు అదే దారి. అయితే పిల్లల చదువు మొదలయ్యాక క్వార్టర్ మేలనిపిస్తుంది. గేటు లోపల ఉంటాం, స్కూల్ బస్సు ఉంటుంది, పక్కింటామె భర్త కూడా ఫీల్డ్‌లోనే కాబట్టి రాత్రి రెండింటికి బిడ్డకు జ్వరం వస్తే తలుపు తట్టడానికి మొహమాటం ఉండదు. కష్టమల్లా హిందీ. ఎంఈఎస్‌లో (క్వార్టర్ల మరమ్మతులు, కరెంటు, నీళ్లు చూసే ఆఫీసులో) కరెంటు కంప్లయింట్ నుంచి వెల్ఫేర్ మీట్ దాకా అంతా హిందీలోనే నడుస్తుంది. సుబేదార్ సాబ్‌కి ఫోన్ చేసి సమస్య చెప్పే నాలుగు వాక్యాలు ముందే రాసుకుని చదివేవాళ్లను చూశాను. మంచి పద్ధతే. క్వార్టర్‌లోకి దిగే రోజు మార్చింగ్ ఇన్ జాబితాలో ఫ్యాన్లు, గీజర్, పగిలిన అద్దం, ఊడిన కొళాయి అన్నీ రాయించండి. రాయించనిదల్లా ఖాళీ చేసే రోజున మన పద్దులో పడుతుంది.

స్కూల్ దగ్గర ముందుచూపు కావాలి. కేంద్రీయ విద్యాలయంలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మొదటి ప్రాధాన్యం, అందులో గత ఏడేళ్లలో తండ్రికి ఎన్ని బదిలీలు అయ్యాయో లెక్కిస్తారు. ఆ సంఖ్యతో యూనిట్ ఇచ్చే సర్వీస్ సర్టిఫికెట్ దరఖాస్తు గడువులోపు చేతిలో ఉండాలి. ఫీల్డ్ నుంచి కాగితం రావడానికి వారాలు పడుతుంది. 56 ఏపీఓ, 99 ఏపీఓ అనే ఆర్మీ పోస్టాఫీసు చిరునామాలకు వెళ్లే, వచ్చే పోస్టు ఊరి పేరు లేకుండా నడుస్తుంది కాబట్టి మనం దారిలో వెతకలేం. స్కాన్ కాపీ ముందు తెప్పించుకోండి. పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చారంటే ఇంకో ఆలోచన: ఇంటర్ తర్వాత రాష్ట్ర కాలేజీల్లో సీటుకి స్థానికత చూస్తారు, వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది అందులో కీలకం. సాయుధ దళాల పిల్లలకు సీఏపీ కోటా ఉన్నా సీట్లు తక్కువ. అందుకే చాలా కుటుంబాలు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా తల్లీ పిల్లలూ ఒకేచోట నిలదొక్కుకుని, తండ్రి ఒక్కరే తిరుగుతారు. పీస్ స్టేషన్ వచ్చినా కలిసి ఉండని కాలం అది. దానికి ముందే మనసు సిద్ధం చేసుకోవాలి.

వైద్యం విషయంలో అందరూ పొరబడేది మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ గురించి. అది రిటైరయ్యాక. సర్వీసులో ఉన్నంతకాలం భార్యాపిల్లలకు మిలిటరీ హాస్పిటలే, అంటే ఎంహెచ్. సికింద్రాబాద్ వైపు తిరుమలగిరిలో ఉంది, ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖలో నేవీ వాళ్ల ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి దగ్గర. అత్తమామలకు కావాలంటే వాళ్లు ఆధారపడినవాళ్లుగా రికార్డుల్లో ఉండాలి. అర్ధరాత్రి ప్రాణం మీదికొస్తే దగ్గరున్న ప్రైవేటు ఆసుపత్రికే పరుగెత్తుతాం. అప్పుడు చేయాల్సిందల్లా వీలైనంత త్వరగా యూనిట్‌కీ, దగ్గరి ఎంహెచ్‌కీ తెలియజేయడం, డాక్టరు చేత అత్యవసరమని రాయించుకోవడం, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ దాచుకోవడం. డిశ్చార్జి అయిపోయాక మొదటిసారి చెబితే బిల్లు గట్టెక్కడం కష్టం.

ఆయన రావాల్సినంత కష్టం వస్తే, ఆయన ఒక్కరికే ఫోన్ చేసి ఏడవడం వల్ల లీవు దొరకదు. కంపెనీ సుబేదార్ సాబ్‌కో అడ్జుటెంట్ ఆఫీసుకో విషయం, ఆసుపత్రి పేరు, డాక్టరు నంబరు ఇవ్వాలి. వాళ్లు విచారించి నిజమని తేలాకే పంపుతారు. ప్రతి చిన్నదానికీ ఎమర్జెన్సీ అంటే, నిజంగా అవసరమైన రోజు నమ్మరు.

ఫోన్ సంగతి. సిగ్నల్ దొరికినప్పుడు మాట్లాడతాడు, లేకపోతే లేదు. రోజూ ఫలానా వేళకు చేస్తానని మాట ఇవ్వనివ్వకండి. తప్పిన రోజు రాత్రంతా నిద్ర ఉండదు. పెట్రోలింగ్‌కి వెళితే వరుసగా కొన్ని రోజులు ఉలుకూ పలుకూ ఉండదని ముందే అనుకుంటే చాలు. అడగాల్సినవి ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ మీద పెట్టుకుంటే కాల్‌లో మొదటి నిమిషంలో పని అయిపోతుంది, మిగతాది పిల్లలకు. ఇంట్లో జరిగిన చెడు దాచాలా చెప్పాలా అంటే, ఆయన తేల్చాల్సినవి ఆలస్యం లేకుండా చెప్పాలి. అప్పటికే తేలిపోయినవి, పిల్లాడి మోకాలు గీరుకుపోవడం లాంటివి, తర్వాత చెప్పినా నష్టం లేదు. అత్తాకోడళ్ల మాటలు ఫోన్‌లో పెట్టకపోవడం ఉత్తమం. అక్కడ తుపాకీ పట్టుకుని నిలబడ్డ మనిషి వాటిని ఏం చేసుకుంటాడు? అత్తయ్య కూడా అదే నియమం పాటించేలా ఆయనే అడగాలి.

సరిహద్దులో ఏదైనా జరిగితే, 2020 జూన్‌లో గల్వాన్ అప్పుడూ, 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడూ జరిగినట్టు, టీవీ 24 గంటలూ మోగుతుంది, ఫోన్లు మూగబోతాయి. యూనిట్ కబురు టీవీలో రాదు. ఆ రోజుల్లో బంధువులకు సమాధానం చెప్పే పని ఒక మగదిక్కుకో వదినకో అప్పగించేయండి, మీ ఫోన్ ఖాళీగా ఉంచుకోండి. వాట్సాప్ స్టేటస్‌లో యూనిఫాం ఫొటో, యూనిట్ పేరు, ఊరు, బయల్దేరే తేదీ పెట్టకూడదు. 2020 జూలైలో ఆర్మీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా 89 యాప్‌లు తీసేయమని జవాన్లకు చెప్పింది. భర్త తీసేసినవి భార్య ఫోన్‌లో, మరిది ఫోన్‌లో కనిపిస్తే ఉపయోగమేముంది?

లీవు ఏడాదికి యాన్యువల్ 60 రోజులు, క్యాజువల్ 30 రోజులు. రెండూ కలిపి ఒకేసారి ఇవ్వరు. వాడుకోని క్యాజువల్ డిసెంబరు 31తో పోతుంది. కశ్మీర్‌లో గురేజ్, మచ్ఛిల్ లాంటి చోట్ల మంచు పడితే దారి మూసుకుపోతుంది కాబట్టి బ్యాచ్‌లవారీగా ముందే పంపేస్తారు. పండగకు రావాలని పట్టుబడితే కుదరకపోవచ్చు. మన వైపు వాళ్లకు రైల్లోనే దాదాపు రెండు రోజులు, దానికి ముందు కాన్వాయ్, ట్రాన్సిట్ క్యాంపులో నిరీక్షణ. తిరిగి వెళ్లేటప్పుడు ఆలస్యమైతే శిక్ష కాబట్టి ఒకరోజు ముందే బయల్దేరతారు.

వచ్చిన మనిషిని మొదటి మూడు నాలుగు రోజులు నిద్రపోనివ్వండి. రెండో వారంలో ఆఫీసు పనులు: బ్యాంకు, సబ్ రిజిస్ట్రార్, ఆధార్ అప్‌డేట్. వేలిముద్ర కావాల్సిన పనులన్నీ ముందు, ఫోన్ మీద అయ్యేవి తర్వాత. చుట్టాల ఇళ్లు, పెళ్లిళ్లు ఆఖరి వారానికి పోగేస్తే వెళ్లే ముందు రోజు తప్పకుండా తగాదా అవుతుంది. అసలు వెళ్లే ముందు వారంలో చిన్నదానికి కూడా చిర్రుబుర్రులాడుకోవడం చాలా ఇళ్లలో ఉంది. దాని మీద పెద్ద నిర్ణయాలు తీసుకోకూడదు, అంతే.

కష్టమైన భాగం ఆయన పూర్తిగా తిరిగి వచ్చాక మొదలవుతుంది. రెండేళ్లు ఇల్లు భార్య చెప్పినట్టు నడిచింది. పిల్లలు ప్రతిదానికీ అమ్మ ముఖం చూస్తారు. ఆయన వచ్చీరాగానే టీవీ టైము, ట్యూషన్, ఖర్చులు అన్నీ మార్చబోతాడు. చిన్నపిల్లలు దగ్గరికి రారు, తల్లి పక్కన నాన్నను పడుకోనివ్వరు. కొన్ని వారాలు ఉన్నది ఉన్నట్టు నడవనిచ్చి, ఆయనకు ఒక్కో పనీ అప్పగించడం మేలు: స్కూల్‌కి దింపడం, లెక్కలు చెప్పడం, కూరగాయలు తేవడం. పిల్లల్ని శిక్షించే పని మొదట్లో ఆయనకు ఇవ్వొద్దు. బ్యాంకు, బిల్లుల పని మాత్రం భార్య చేతిలోనే ఉండనివ్వండి. మళ్లీ ఫీల్డ్ వస్తుంది.

నిద్రలో ఉలిక్కిపడటం, చిన్న చప్పుడుకే లేచి కూర్చోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం మొదట్లో మామూలే. అది తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, తాగుడు ఎక్కువైతే, చచ్చిపోతానన్న మాట వస్తే ఆగకూడదు. ఎంహెచ్‌లో సైకియాట్రీకి వెళ్లడానికి జవాన్లు వెనకాడతారు. మెడికల్ కేటగిరీ (ఆరోగ్య అర్హత స్థాయి) పడిపోతుందని, ప్రమోషన్ ఆగుతుందని భయం. ఆ భయం ఊహ కాదు. అయితే ముదిరిపోయాక చేరితే కేటగిరీ పడే అవకాశం ఇంకా ఎక్కువ. మొదటి అడుగు ఫోన్‌లో వేయవచ్చు: టెలీ మానస్ 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. సాయుధ దళాలవాళ్లకూ కుటుంబాలకూ పుణె ఏఎఫ్‌ఎంసీలో (సాయుధ దళాల వైద్య కళాశాలలో) 2023 డిసెంబరు నుంచి దానికి ప్రత్యేక విభాగం కూడా ఉంది. భార్య తన కోసం కూడా చేయవచ్చు. చేయి చేసుకోవడం, ఇంటికి డబ్బు ఆపేయడం దాకా వెళితే సీఓకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. భార్యాపిల్లల పోషణకు జీతంలోంచి కోత వేసే అధికారం ఆర్మీ చట్టం, 1950లోనే ఉంది.

పీస్ పోస్టింగ్ ఆర్డర్ వచ్చాక పనులు తిరుగు వరుసలో నడుస్తాయి. ఎస్‌ఎఫ్ క్వార్టర్ ఎప్పటికి ఖాళీ చేయాలో స్టేషన్ హెడ్‌క్వార్టర్స్ నుంచి రాతలో తెలుసుకోవాలి. విద్యా సంవత్సరం మధ్యలో అయితే పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఉండనివ్వమని స్కూల్ సర్టిఫికెట్ జతచేసి అడగవచ్చు, గడువు తీరాక కాదు, ముందే. అనుమతి లేకుండా ఉండిపోతే డ్యామేజ్ రెంట్ పడుతుంది, అది మామూలు అద్దెకు ఎన్నో రెట్లు. ఎంఈఎస్ నుంచి కరెంటు, నీళ్ల బిల్లుల క్లియరెన్స్, మార్చింగ్ అవుట్ కాగితం చేతికి తీసుకున్నాకే లారీ ఎక్కించండి. సెలెక్టెడ్ ప్లేస్ ఆఫ్ రెసిడెన్స్ రద్దు చేస్తూ పార్ట్ టూ ఆర్డర్ పడిందో లేదో తర్వాతి రెండు పే స్లిప్పుల్లో చూడండి. కొత్త యూనిట్‌లో చేరగానే ఫోన్ నంబరు, నెక్స్ట్ ఆఫ్ కిన్ చిరునామా మళ్లీ రాయించాలి.